ఆటో డిమ్మింగ్ అద్దం రాత్రిపూట మరీ నల్లబడిపోతుంటే ముందు దాని వీపు చూడండి

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి, లోపలి అద్దం ఆటో డిమ్మింగ్‌ది, అంటే రాత్రి వెనక లైటు పడితే తనంతట తనే నల్లబడేది, రోజూ రాత్రి పది దాటాక మన విశాఖలో కూర్మన్నపాలెం నుంచి మధురవాడ వస్తారు, వెనకాల ఏ లైటు పడినా అద్దం బొగ్గులా అయిపోతుంది, ఆ బండి పక్కకెళ్ళిపోయినా తేటగా అవ్వదు, మొన్న హనుమంతవాక దగ్గర ఎడమకి లైను మారబోతే వెనకున్న స్కూటీ అసలు కనపడలేదు. ఒక సర్వీస్ సెంటర్లో "అది ఫీచర్ సార్, అలాగే ఉంటుంది" అన్నారు, ఇంకో చోట అద్దం మొత్తం మార్చాలి అన్నారు. ఇదే కదా.

ఆ ఇద్దరి మాటా ఇప్పుడే నమ్మకండి. నేను 22 ఏళ్ళ నుంచి గాజువాక ఆటోనగర్లో కారు ఎలక్ట్రికల్ పనే చేస్తున్నాను, ఈ అద్దాలు మన ఊళ్ళోకి ఖరీదైన జర్మన్ బళ్ళతో వచ్చినప్పటి నుంచి చూస్తున్నా, ఇప్పుడైతే క్రెటా, సెల్టోస్, హారియర్ లాంటి వాటికి పై వేరియంట్లలో వచ్చేస్తున్నాయి కాబట్టి నెలకి ఇద్దరు ముగ్గురు ఇదే కంప్లైంటుతో వస్తారు. వాళ్ళలో ఎక్కువమందికి అద్దం శుభ్రంగా ఉంటుంది. అద్దానికి ఉన్న రెండు కళ్ళలో ఒకదానికి మనమే గంతలు కట్టేసి ఉంటాం, అదీ గొడవ.

రెండు కళ్ళేటి అంటారా, చెప్తాను. మీ అద్దం మొహం మీద, అంటే మీరు చూసుకునే వైపు, గాజులోనో కింద ఫ్రేములోనో చిన్న చుక్కలాంటిది ఉంటుంది, అది వెనక నుంచి వచ్చే లైటు చూసే సెన్సర్. ఇంకోటి అద్దం వీపున ఉంటుంది, ముందు గ్లాసు వైపు తిరిగి, శనగ గింజంత బొక్క. చాలామందికి ఇది ఉన్నట్టే తెలీదు. ఈ వీపు సెన్సర్ చేసే పని ఏంటంటే బయట పగలా రాత్రా, వీధి దీపాలున్న రోడ్డా చీకటి రోడ్డా అని చూసి చెప్పడం. బయట వెలుతురుగా ఉంటే వెనక ఎంత లైటు పడినా అద్దం పట్టించుకోదు, ఎందుకంటే అంత వెలుతురులో మన కళ్ళు ఆ లైటుకి చెదరవు. బయట కటిక చీకటైతే వెనక కొంచెం లైటు పడినా నల్లబడిపోతుంది. అంటే ఎప్పుడు ఎంత నల్లబడాలి అనేది ఈ రెండు సెన్సర్లూ చెప్పిన దాన్ని పోల్చి చూసుకుని తేల్చుకుంటుంది అన్నమాట.

ఇప్పుడు ఆ వీపు సెన్సర్ ముందు ఏదైనా అడ్డం పెట్టామనుకోండి. బయట ఎన్ఏడీ ఫ్లైఓవర్ మీద దీపాలన్నీ పెళ్ళిపందిరిలా వెలుగుతున్నా అద్దానికి మాత్రం అరకు ఘాట్ రోడ్డులో అర్ధరాత్రి లెక్కే. వెనక స్కూటీ లైటు పడినా నల్లబడుద్ది, ఆటో లైటు పడినా నల్లబడుద్ది, వెనకే ఇంకోటి ఇంకోటి వస్తుంటాయి కాబట్టి మళ్ళీ తేటగా అయ్యే సందే దొరకదు. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. మీరు వచ్చే దారంతా హైవే, గాజువాక నుంచి మద్దిలపాలెం మీదుగా హనుమంతవాక దాకా దాదాపు దీపాలున్న రోడ్డే, హుద్ హుద్ తుఫాను తర్వాత ఊరంతా ఎల్ఈడీ దీపాలు పెట్టారు కూడా, అలాంటి రోడ్డు మీద బాగున్న అద్దం అస్తమానూ అంత నల్లబడకూడదు.

ఇంతకీ అక్కడ అడ్డం పెట్టేది ఏంటి అంటే నూటికి... లెక్క చెప్పను గానీ ఎక్కువసార్లు ఫాస్టాగ్. దాన్ని ముందు గ్లాసుకి లోపలి వైపు, పైన మధ్యలో, అద్దం వెనకాల అంటించమంటారు కదా, డ్రైవర్ చూపుకి అడ్డం రాకుండా అది మంచి చోటే, కానీ సరిగ్గా ఈ సెన్సర్ చూసే చోటు కూడా అదే. మొన్న వేసవిలో ఒక నేవీ ఆయన బండి పట్టుకొచ్చారు, పాత బండి అమ్మేసి కొత్తది తీసుకున్నారు, మొదటి వారం అద్దం బాగుంది తర్వాత పాడైపోయింది అన్నారు, వారంటీలో మార్చమంటే మార్చి ఇచ్చారట, కొత్తదీ అంతే. నేను వంగి ముందు గ్లాసు బయట నుంచి చూశాను, ఫాస్టాగ్ సరిగ్గా సెన్సర్ బొక్క మీదికి వచ్చేలా అతికించి ఉంది, దాని పక్కనే డాష్‌క్యామ్ బ్రాకెట్టు. అద్దాన్ని బాల్ జాయింటు మీద ఒక రవ్వ కిందకి దించి సెన్సర్ ఆ స్టిక్కర్ అంచు కింద నుంచి రోడ్డు చూసేలా పెట్టాను, ఆ రాత్రి ఫోన్ చేసి బాగుంది అన్నారు. పైసా ఖర్చు లేదు, నేను కూడా టీ తాగి పంపించేశాను, ఇలాగైతే షాపు ఎలా నడుస్తుందని మా కుర్రాడు ఒకటే నస.

ఫాస్టాగ్ ఒక్కటే కాదు లెండి. ముందు గ్లాసు పై అంచున శ్రీ సింహాద్రి అప్పన్న అని పెద్ద అక్షరాలతో స్టిక్కరు, దాని కింద ఆకుపచ్చో నలుపో బ్యాండు, అద్దానికి వేలాడేసిన జపమాలలు, బొమ్మలు, పిల్లాడి మొదటి బూటు, నిమ్మకాయ మిరపకాయలు, సెంటు డబ్బా, ఇవన్నీ చూశాను. అప్పన్న స్వామికి నేను అడ్డం చెప్పను, స్టిక్కరు మధ్యలో సెన్సర్ ఎదురుగా రూపాయి బిళ్ళంత చోటు వదిలేయండి చాలు. వేలాడేవి కదులుతుంటాయి కాబట్టి వాటితో ఇంకో తమాషా, బండి ఊగినప్పుడల్లా సెన్సర్ మూసుకుని తెరుచుకుని అద్దం ఒకసారి నలుపు ఒకసారి తెలుపు అవుతూ ఉంటుంది, జనం దాన్ని లూజ్ కనెక్షన్ అనుకుంటారు.

ఇంకోటి మన ఊరికి ప్రత్యేకం. బీచ్ రోడ్డు పక్క అపార్టుమెంట్లలో బయట పార్క్ చేసే బళ్ళకి తెల్లారేసరికి గ్లాసు మీద ఉప్పు జిడ్డు పేరుకుంటుంది, పోర్టు వైపు, సింధియా వైపు అయితే బొగ్గు దుమ్ము. వైపర్ తుడిచిన మేర బాగానే ఉంటుంది గానీ కొన్ని బళ్ళలో వైపర్ సరిగ్గా అద్దం ఎదురుగా ఉన్న మధ్య పై ముక్కకి అందదు, అక్కడ నెలల తరబడి పొర పేరుకుపోతుంది. లోపలి వైపు ఇంకో పొర, ఎండలో డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి, మనం రాసే పాలిష్ నుంచి ఆవిరి లేచి గ్లాసుకి నూనెలా అంటుకుంటుంది. ఈ పొర వల్ల పూర్తిగా గుడ్డి అవ్వదు గానీ సెన్సర్‌కి మసక వస్తుంది. ముందు గ్లాసు మార్పించిన బండి అయితే, సెకండ్ హ్యాండ్ కాబట్టి చెప్తున్నా, కొత్త గ్లాసు పైన నల్ల చుక్కల డిజైను ఉంటుంది చూడండి, కంపెనీ గ్లాసులో సెన్సర్ ఎదురుగా ఖాళీ వదిలేస్తారు, బయట దొరికే గ్లాసులో అది ఒక అంగుళం అటూ ఇటూ అవ్వొచ్చు. అది కూడా చూసుకోండి.

సరే, ఇంట్లోనే చూసుకునే టెస్టు చెప్తాను, పది నిమిషాల పని. పగలు చేయండి. బండి నీడలో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్లో ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేయండి, అద్దానికి బటన్ ఉంటే ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, మామూలుగా పక్కనే పచ్చ లైటు వెలుగుతుంది. ఏమీ చెయ్యకుండా ముందు అద్దం రంగు చూడండి. పగటి పూట, వీపు సెన్సర్‌కి వెలుతురు పడుతుంటే, అద్దం మామూలు అద్దంలా తేటగా ఉండాలి. అప్పటికే లేత నీలంగానో ఆకుపచ్చగానో కమిలినట్టు ఉంటే ఎక్కువసార్లు సెన్సర్ మూసుకుపోయినట్టే, ముందు అడ్డం తీసి చూడండి. తేటగా ఉంటే వీపు సెన్సర్‌ని వేలితోనో నల్ల టేపు ముక్కతోనో పూర్తిగా మూసి, ఫోన్ టార్చ్ మొహం వైపు సెన్సర్ మీద వేయండి. కొన్ని సెకండ్లలో నల్లబడాలి. ఇప్పుడు టార్చ్ తీసి, వేలు కూడా తీసేయండి, మళ్ళీ తేటగా అవ్వడానికి ఎంతసేపు పట్టిందో మనసులో లెక్కపెట్టుకోండి. చివరగా మళ్ళీ నల్లబడేలా చేసి బ్రేకు తొక్కి పట్టుకుని రివర్స్ గేరు వేయండి, వెంటనే తేటగా అవ్వడం మొదలవ్వాలి, వెనక్కి వెళ్ళేటప్పుడు చీకటి అద్దం పనికిరాదని కంపెనీవాళ్ళే అలా పెట్టారు.

ఇవన్నీ సరిగ్గా జరిగితే మీ అద్దంలో లోపం లేదు, ఎవరు మార్చమన్నా మార్చకండి.

నల్లబడటం బాగానే ఉండి తేటపడటం మాత్రం బాగా నెమ్మదిగా ఉంటే అది వేరే కథ. ఈ అద్దంలో రెండు పల్చటి గాజులు, వాటి లోపలి వైపు కరెంటు పారే కనపడని పూత, మధ్యలో జెల్ ఉంటాయి. రెండు వోల్టుల లోపు కరెంటు ఇస్తే జెల్‌లోని మందులు ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకుని రంగు తిరుగుతాయి, కరెంటు తీసేస్తే వాటంతట అవే మామూలుగా అయిపోతాయి. ఇది గుర్తుపెట్టుకోండి, కరెంటు లేకపోతే అద్దం తేటగా ఉండాలి, నల్లగా కాదు. బండి ఆఫ్ చేసి అరగంట అయినా మధ్యలో మరకలా, అంచుల్లో గోధుమ రంగులా నలుపు ఉండిపోతే జెల్ ప్యాకింగ్ పోయింది, లోపలికి గాలి తేమ దూరాయి, మన ఉప్పుగాలికి ఇది కొంచెం తొందరగానే వస్తుందని నా అనుమానం. దానికి రిపేరు లేదు, మార్చడమే. జెల్ బయటికి కారుతుంటే చేత్తో ముట్టుకోకండి, చర్మం మండుతుంది, కళ్ళకి అస్సలు తగలకూడదు, తడి గుడ్డతో తుడిచి చేతులు సబ్బుతో కడుక్కోండి.

చలిలో కూడా నెమ్మదిస్తుంది, జనవరిలో తెల్లవారుజామున లంబసింగి వెళ్ళినప్పుడు ఎవరిదైనా అద్దం బద్ధకించిందంటే అది జబ్బు కాదు, కాసేపు ఆగండి. విశాఖ వాతావరణానికి ఆ మాట వర్తించదు లెండి, ఇక్కడ చలి అంటే ఫ్యాను ఒక పాయింటు తగ్గించడమే.

రివర్స్‌లో తేటగా అవ్వకపోతే వైరింగ్. కంపెనీ అద్దం అయితే ఇది అరుదు, కానీ మీది సెకండ్ హ్యాండ్, ముందు ఓనరు కింది వేరియంటు కొని అద్దం బయట పెట్టించుకున్నాడేమో కనుక్కోండి. బయట పెట్టే అద్దాలకి మామూలుగా మూడు వైర్లు ఉంటాయి, ఇగ్నిషన్‌తో వచ్చే 12 వోల్టులు, ఎర్తు, రివర్స్ లైటు నుంచి ఒకటి. ఆ మూడోది లాగాలంటే వెనక దాకా ట్రిమ్ము విప్పాలి, ఓపిక లేనివాళ్ళు దాన్ని మడిచి టేపు చుట్టి పైన రూఫ్ లైనింగులోకి తోసేస్తారు. అపార్టుమెంటు సెల్లార్లో వెనక్కి తీసేటప్పుడు అద్దం నల్లగా ఉండి స్తంభానికి తగిలించుకున్న బండి ఒకటి నా దగ్గరికి బంపర్ పనికి వచ్చింది, బంపర్ వేరే షాపులో చేయించుకోమన్నాను, వైరు నేను కలిపాను.

ఇప్పుడు మీరు రాయనిది ఒకటి నేను అడుగుతాను, వెనక గ్లాసుకి ఫిల్మ్ ఉందా? పాత ఓనరు వేయించి ఉంటే చాలామంది గమనించరు. రూలు ప్రకారం ముందు వెనక గాజుల్లోంచి కనీసం 70 శాతం, పక్క గాజుల్లోంచి 50 శాతం వెలుతురు లోపలికి రావాలి, 1989 మోటారు వాహనాల రూల్సులో 100వ రూలు అది. దీని మీదే 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక పోలీసులు జంక్షన్లలో నిలబెట్టి ఫిల్ములు పీకించింది మనందరికీ గుర్తే. లెక్క చూడండి. వెనక్కి 100 పాళ్ళ వెలుతురు వస్తే గాజులోంచి 70 లోపలికొస్తుంది. అద్దం పూర్తిగా నల్లబడితే దాదాపు పదో వంతే తిప్పి కొడుతుంది అనుకుందాం, అంటే మీ కంటికి 7. అదే గాజు మీద 50 శాతం ఫిల్మ్ ఉంటే 70 కాస్తా 35 అవుద్ది, కంటికి మూడున్నర. లారీ హెడ్‌లైటు మూడున్నర పాళ్ళలోనూ కనపడుతుంది, లైటు లేని సైకిలు, రోడ్డు దాటే ఆవు, డివైడర్ అంచు కనపడవు. తిరకాసు ఏంటంటే ఫిల్మ్ వల్ల మొహం వైపు సెన్సర్‌కి కూడా లైటు తక్కువ పడుతుంది, అందుకని అద్దం నల్లబడటం తగ్గుద్ది, దాంతో ఓనరు ఫిల్మ్ తప్పేం లేదు అనుకుంటాడు. కానీ ఎల్ఈడీ బారు పెట్టుకున్న జీపొకటి వెనకాల వచ్చి అద్దం పూర్తిగా నల్లబడిందంటే ఇక వెనక ఏమీ లేనట్టే.

నల్లబడటం గురించి ఒక మాట, చాలామంది పాత అద్దమే నయం అంటుంటారు, కింద చిన్న పుల్ల ఉంటుంది కదా, రాత్రి అయితే టక్కున తిప్పుకునేవాళ్ళం. ఆ పాత అద్దం తిప్పితే వెండి పూత నుంచి కాకుండా ముందరి ఉత్త గాజు మీది నుంచి మాత్రమే వెలుతురు వస్తుంది, అది 4 శాతం అంతే. ఆటో అద్దం పూర్తిగా నల్లబడినా సాధారణంగా అంతకన్నా ఎక్కువే కనపడుద్ది. తేడా ఎక్కడంటే పాతది మన చేతిలో ఉంటుంది, అవసరమైనప్పుడు తిప్పి మళ్ళీ తిప్పేస్తాం, ఇది దాని ఇష్టం వచ్చినట్టు అవుతుంది, మనకి తెలీకుండా. గెంటెక్స్ అనే అమెరికా కంపెనీ 1987లోనే ఈ జెల్ అద్దం తెచ్చింది, ఇన్నేళ్ళలో బుద్ధి బాగానే పెరిగింది దానికి, కానీ ఎంత బుద్ధి ఉన్నా కళ్ళు మూసి కూర్చోబెడితే ఏం చేస్తుంది.

లోపల ఉన్న లైట్లు కూడా మోసం చేస్తాయి. వెనక సీట్లో పిల్లలు ట్యాబ్ ఫుల్ బ్రైట్‌నెస్‌లో పెట్టి బొమ్మలు చూస్తుంటే ఆ వెలుగు నేరుగా మొహం వైపు సెన్సర్ మీద పడుతుంది, అద్దం దాన్ని లారీ అనుకుంటుంది. రూఫ్ లైటు వేసి ఉంచినా అంతే. ఎవరో ఒకాయన అత్తారింటికి వెళ్ళేటప్పుడు మాత్రమే అద్దం పాడవుతుంది అంటే మేమందరం నవ్వాం, తీరా చూస్తే అప్పుడు మాత్రమే వెనక పిల్లలుంటారు.

బటన్ ఉన్న అద్దం అయితే వాడుకోవడం నేర్చుకోండి. గాజువాక, ఎన్ఏడీ, మద్దిలపాలెం, ఈ దీపాలున్న ట్రాఫిక్‌లో ఆపేయండి, అక్కడ వెనక లైటు కంటే పక్కనుంచి దూరే బైకులే ప్రమాదం. ఆనందపురం దాటాకో, అనకాపల్లి వైపో వెళ్ళేటప్పుడు ఆన్ చేయండి, అక్కడ లారీవాళ్ళు డిప్పర్ కొట్టినా హైబీమ్ దించరు. చాలా బళ్ళలో స్టార్ట్ చేసిన ప్రతిసారీ అదే ఆన్ అయిపోతుంది, సీటు బెల్టుతో పాటు ఇదీ అలవాటు చేసుకోవాలి. శృంగవరపుకోట మీదుగా అరకు లాంటి డివైడర్ లేని రోడ్డు మీద ఇంకోటి గమనిస్తారు, ఎదురుగా వచ్చే బండి హైబీమ్ వీపు సెన్సర్ మీద పడగానే ఊరు వచ్చింది కాబోలు అనుకుని అద్దం తేటగా అవ్వబోతుంది, సరిగ్గా అప్పుడే వెనకోడి లైటు కళ్ళల్లో కొడుతుంది. అది దాని స్వభావం, మందు లేదు.

బటన్ లేదు, అడ్డాలన్నీ తీసేశాను, అయినా నా కంటికి ఎక్కువ నలుపే అంటే ఒక చిట్కా ఉంది, కంపెనీవాళ్ళు ఒప్పుకోరు గానీ పనిచేస్తుంది. పిల్లలు పుస్తకాలకి అంటించే మసక సెల్లో టేపు ఉంటుంది కదా, అద్దంలా మెరిసేది కాదు, తెల్లగా పొగమంచులా ఉండేది, దాని చిన్న ముక్క మొహం వైపు సెన్సర్ మీద మాత్రమే అంటించండి. సెన్సర్‌కి లైటు కొంచెం తక్కువగా కనపడి అద్దం తక్కువ నల్లబడుద్ది. ఒక పొర వేసి రెండు రాత్రులు నడిపి చూడండి, చాలకపోతే రెండో పొర. నల్ల టేపు వేయొద్దు, అసలు నల్లబడటమే మానేస్తుంది, అంతకన్నా ఫ్యూజు పీకి అద్దాన్ని ఆపేయడమే నయం. ఫ్యూజు పీకే ముందు ఆ ఫ్యూజు మీద ఇంకేమేం ఉన్నాయో మాన్యువల్లో చూసుకోండి, కొన్ని బళ్ళలో అదే లైను మీద వేరేవి కూడా ఉంటాయి. వారంటీ ఉంటే కనెక్టర్ కూడా మీరు పీకొద్దు, వాళ్ళ చేతే చేయించండి.

చేయకూడనివి రెండే. ఎవడైనా కుర్రాడు టెస్టింగ్ అని చెప్పి అద్దం గాజు వైర్లకి నేరుగా బ్యాటరీ 12 వోల్టులు పెట్టబోతే చెయ్యి పట్టుకోండి, రెండు వోల్టులు తట్టుకోలేని జెల్‌కి 12 పెడితే పది సెకండ్లలో మీకు కొత్త అద్దం బిల్లు. బయటి అద్దాలు కూడా డిమ్ అయ్యే బళ్ళలో ఇది ఎక్కువ జరుగుద్ది, అక్కడ వేడెక్కించే వైర్లు రెండు, డిమ్మింగ్ వైర్లు రెండు పక్కపక్కనే ఉంటాయి, తికమకపడతారు. ఆ బయటి అద్దాలకి ఎంత నల్లబడాలో చెప్పేది కూడా లోపలి అద్దమే కాబట్టి, వీపు సెన్సర్ మూసుకుంటే మూడూ కలిసి నల్లబడతాయి, మీకా బాధ లేదు, మీ పక్క అద్దాలు మామూలువే. రెండోది, గ్లాస్ క్లీనర్ అద్దం మీద నేరుగా కొట్టకండి, కింద అంచు నుంచి లోపలికి దిగి పూతని తినేస్తుంది, గుడ్డ మీద కొట్టి గుడ్డతో తుడవండి. కార్ వాష్ కుర్రాళ్ళకి చెప్పినా వినరు, నేనైతే అద్దం మీద చెయ్యి వెయ్యొద్దని ముందే చెప్పేస్తాను.

ఇంకో మాట అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి, మీ వయసు రాయలేదు. స్టీల్ ప్లాంటులో రిటైరైన పెద్దాయన ఒకాయన, "ఏటి బాబూ ఇది, అద్దమా బొగ్గు పలకా" అంటూ మూడుసార్లు తిరిగారు, నేను అన్నీ చూశాను, రాత్రి పక్కన కూర్చుని అగనంపూడి దాకా వెళ్ళొచ్చాను, నాకు అద్దంలో బాగానే కనపడుతోంది ఆయనకి కనపడట్లేదు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను, కోపం వచ్చింది ఆయనకి, రెండు నెలల తర్వాత శుక్లం ఆపరేషన్ చేయించుకుని స్వీట్లు పట్టుకొచ్చారు. వయసుతో కంటిలో లెన్స్ పసుపెక్కుద్ది, చీకట్లో పాప కూడా మునుపటిలా పెద్దదవ్వదు, కాబట్టి అదే అద్దం 30 ఏళ్ళవాడికి సరిపోతే 60 ఏళ్ళవాడికి చాలదు. లైట్ల చుట్టూ వలయాలు కనపడుతుంటే అద్దం సంగతి తర్వాత, ముందు కళ్ళు.

హనుమంతవాక దగ్గర స్కూటీ సంగతికొస్తే, నిజం చెప్పనా, ఆ తప్పు పూర్తిగా లోపలి అద్దం మీద తోసెయ్యలేం. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే టూవీలర్లకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, అద్దం ఎంత నల్లగా ఉన్నా సరిగ్గా వెనకుంటే ఆ చుక్క కనపడి తీరాలి. కనపడలేదంటే బల్బైనా పోయి ఉండాలి, లేదా ఎడమ పక్కకి వచ్చేసి లోపలి అద్దం పరిధి దాటిపోయి ఉండాలి. లైను మారేటప్పుడు చూడాల్సింది ఎడమ అద్దం, అది డిమ్ అవ్వదు, తేటగానే ఉంటుంది. మీ సొంత బండి డోరు అందులో సన్నటి గీతంత మాత్రమే కనపడేలా బయటికి తిప్పుకోండి, చాలామంది సగం అద్దం నిండా సొంత డోరే చూసుకుంటూ నడుపుతారు. నల్లబడిన అద్దంలో ఇంకో మోసం ఉంది, లైటు మసగ్గా కనపడితే బండి దూరంగా ఉందనిపిస్తుంది, దగ్గరికొచ్చేసి ఉంటుంది. అందుకని లోపలి అద్దం చూసి దూరం అంచనా వేయకండి, ఏదో వస్తోందా లేదా అన్న వరకే దాన్ని నమ్మండి.

మీరు ఈ ఆదివారం పగలు ఆ టెస్టు చేసి, అద్దం వీపు వైపు గ్లాసు బయట నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను. ఫాస్టాగే అడ్డమని తేలితే మాత్రం గోటితో పీకి పక్కన అంటిద్దాం అనుకోకండి, పీకితే పనిచెయ్యకుండా పోయేలాగే దాన్ని తయారుచేస్తారు, అప్పుడు నాతవలస టోల్ గేటు దగ్గర మామూలు కన్నా ఎక్కువ కట్టాల్సొస్తుంది. ముందు అద్దం కిందకో పక్కకో జరిపి చూడండి, కుదరకపోతే బ్యాంకుకి కొత్త ట్యాగ్ పెట్టుకుని, అది చేతికొచ్చాక పాతది తీసేసి, కొత్తది సెన్సర్ నుంచి ఒక జానెడు దూరంలో అంటించండి.